వంశవృక్షంలో ఆమె పుట్టింటి పేరు కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. సంక్రాంతి వెళ్లాక మీ విశాఖ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఒకే ఇంటిపేరు వాళ్లంతా ఆత్మీయ సమ్మేళనం జరుపుకుని, ఎనిమిది తరాల వంశవృక్షాన్ని ఫ్లెక్సీ వేయించి, దాని ముందు నిలబడి తీయించుకున్న ఫొటో అది. అంత వెనక్కి పేర్లు సేకరించడం మామూలు విషయం కాదు. ఆ పెద్దల ఓపికకు దణ్ణం పెట్టాలి. కానీ భూతద్దం పెట్టుకుని ఒక్కో పేరూ చదివితే మొదటి ఆరు తరాల్లో ఒక్క ఆడపేరు కనపడలేదు. ఏడో తరం నుంచి పక్కన ‘భార్య’ అని రాసి ఒంటి పేరు పెట్టారు. ఆమె ఎవరి కూతురో, ఏ ఊరి నుంచి ఆ ఇంటికి వచ్చిందో లేదు. ఆ ఇంట్లో పుట్టి మరో ఇంటికి వెళ్లిన ఆడపిల్లల ఊసే లేదు.

ఇది ఆ ఒక్క కుటుంబం సంగతి కాదు. మా పెదనాన్నగారు రాసిపెట్టిన వంశవృక్షమూ అలాగే ఉంది. మీరు చూసిన ప్రతి వంశవృక్షమూ దాదాపు అలాగే ఉంటుంది. ఇంకా చెప్పగలిగినవాళ్లు కొందరు బతికి ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పాత వాల్యూములు తీసి, అడిగినవాళ్లకు దస్తావేజుల నకళ్లు సిద్ధం చేయడంలోనే నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది. అందుకని చుట్టపక్కాల్లో ఎవరికి పూర్వీకుల గురించి కావాలన్నా మా మర్రిపాలెం ఇంటికి వచ్చేస్తారు. మొన్న డిసెంబరులో అలాగే ఒకావిడ వచ్చారు. డర్బన్‌లో టీచరు. దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు పంపించాడు. ఆమెది అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం, ఆమె ఐదో తరం. అమ్మ, తాత, చారు లాంటి మాటలు తప్ప తెలుగు రాదు. నన్ను ‘ఆంటీ’ అంటూ, తన తాతల నాటి మొదటి మనిషి, ఓడ ఎక్కి వెళ్లిన మనిషి, ఆడమనిషేనని చెప్పి ఒక కాగితం నా చేతిలో పెట్టారు.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు, చెరుకు తోటల్లోనూ గనుల్లోనూ రైలు పనుల్లోనూ ఐదేళ్ల ఒప్పందం మీద పనిచేయడానికి 1,52,184 మంది భారతీయులు నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్లారు. వాళ్లలో ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచి బయల్దేరినవాళ్లు. మన ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. నూరుగురు మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని రూలు. ఆ లెక్క నింపడానికి కూలీలను పోగుచేసే మేస్త్రీలు ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా వెతికేవారు. కరువులో అయినవాళ్లు పోయినవాళ్లు, భర్త చనిపోయినవాళ్లు, అత్తింట్లో పడలేక బయటికొచ్చినవాళ్లు వాళ్ల చేతికి చిక్కేవారు. అక్కడ ఆడవాళ్లకు మగవాళ్ల కూలిలో సగం ఇచ్చేవారు. 1895లో చట్టం చేసి, ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదలచినవాళ్ల మీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసినప్పుడు మాత్రం ఆడవాళ్లను వదల్లేదు.

ఆ కాగితం ఓడ రిజిస్టరులోని ఒక వరస. ఆమె నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు ఇరవై రెండు, కులం, జిల్లా విశాఖపట్నం, తాలూకా సర్వసిద్ధి, ఊరు, చివరి గడిలో ‘ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు’. 1880ల చివర రాసిన వరస.

ఆ కాగితం చదువుతున్నంతసేపూ నాకు మా తాతమ్మే గుర్తొచ్చింది. మా నాన్నగారి నాయనమ్మ. దాదాపు అదే కాలంలో పుట్టిన మనిషి. ఇక్కడే పుట్టి, ఇక్కడే కాపురం చేసి, పిల్లల్ని కని పెంచి, ఇక్కడే కన్నుమూసింది. ఆమె గురించి ఏ సర్కారు కాగితంలోనూ ఇన్ని గడులు నింపిన వరస లేదు. పొట్టకూటికి సముద్రం దాటిన ఆడమనిషిని, పనికి పంపే సరుకుగానే చూసినా సరే, తండ్రి పేరుతో, ఊరి పేరుతో, ఒంటి మీద గుర్తుతో సహా రాసుకున్నారు. ఊళ్లో ఉండిపోయిన ఆడమనిషిని ఎవరూ రాయలేదు. నాకు ఇది చాలా కష్టంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

ఎందుకు రాయలేదో కాగితాల మధ్య పనిచేసిన మనిషిగా నాకు కొంత తెలుసు. మన జిల్లాలో ఎక్కువ భాగం 1802 శాశ్వత సెటిల్‌మెంటు కింద జమీందారీ. సర్వసిద్ధి, గొలుగొండ, పాలకొండ మాత్రం సర్కారు తాలూకాలు. జమీందారీ ఊళ్లలో రైతుల పేర్లతో సర్కారు రికార్డు సరిగ్గా తయారైంది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. ఉన్నచోట కూడా పట్టా మగవాడి పేరు మీదే. జనాభా లెక్కలు 1871 నుంచి తీస్తున్నారు గాని, ఇంటింటికీ తిరిగి పేర్లు రాసిన కాగితాలను లెక్క కట్టాక ఉంచలేదు. కాబట్టి ఇంగ్లండులో ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని ముత్తవ్వను వెతుక్కున్నట్టు మనకు కుదరదు. పైగా జిల్లాల సరిహద్దులు మారిపోయాయి. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడ్డాక మన వైపు వచ్చింది. 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో విడిపోయాయి. పాత కాగితంలో ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే అది ఇప్పుడు ఏ కలెక్టరాఫీసు కిందికొస్తుందో ముందు తేల్చుకోవాలి.

ఆడవాళ్లను అసలు లెక్కపెట్టలేదని కూడా కాదు. కన్యాశుల్కం ఎంత ప్రబలిందో చూడటానికి విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఈ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన అలాంటి పెళ్లిళ్ల జాబితా తీయించారు. ఆ సంగతి గురజాడవారు తమ నాటకం తొలి కూర్పు ముందుమాటలో రాశారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. పెళ్లినాటికి ఐదేళ్ల వయసున్న పిల్లలు 99 మంది. ఏడాది వయసున్న పాపలు ముగ్గురు. ఆ అంకెలు చదివినప్పుడల్లా ఆ పాపల పేర్లేమిటో తెలుసుకోవాలనిపిస్తుంది నాకు. వాళ్లు పెరిగి, ఎవరికో అమ్మమ్మలో నాయనమ్మలో అయ్యుంటే, వాళ్ల వారసులు ఈ ఉత్తరం చదువుతున్నవాళ్లలోనే ఉండొచ్చు.

నగరం నడిబొడ్డున చూడండి. మిసెస్ ఏవీఎన్ కాలేజీ. అంకితం వెంకట నరసింగరావుగారి భార్య పేరున ఉన్న కాలేజీ. సర్ సి.వి. రామన్ చదివిన చోటు. తరతరాల పిల్లలు ఆ గేటులోంచి వెళ్లారు. గేటు మీద ఆవిడ సొంత పేరు లేదు, భర్త పేరు ముందు ‘మిసెస్’ ఉంది. కలిగినవారి ఇంటి ఇల్లాలికే అలా జరిగితే కూలినాలి చేసుకున్న ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలా? అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు వెలనాటి గొంకరాజు రాణి సింహాచలం స్వామికి బంగారు తొడుగు చేయించిన సంగతి శాసనంలో చెక్కించారు. ఆడదాని పేరు రాయడం మన సంప్రదాయంలో లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా తాతమ్మ పుట్టిల్లు ఎలా దొరికిందో చెబుతాను. ఇది ఎవరికైనా పనికొస్తుంది.

మా మేనత్తకు ఇప్పుడు తొంభై దాటాయి. ‘తాతమ్మ పుట్టింటి పేరేంటత్తా’ అని అడిగితే ‘ఏమోనే’ అనేది. అలా అడిగితే ఎవరూ చెప్పలేరు. ఒకరోజు ‘తాతమ్మ ఏ జాతరకు వెళ్లేది?’ అని అడిగాను. వెంటనే చెప్పింది. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతర. బండి కట్టించుకుని రెండు రోజుల ముందే బయల్దేరేదట. కశింకోట దగ్గర అన్నగారింట్లో దిగేదట. మొదటి పురుడు అక్కడే పోసుకుందట. ఆ పురిటికి తెచ్చిన సారెలో వచ్చిన ఇత్తడి గంగాళం ఇంకా మా ఇంట్లో అటక మీద ఉంది. దించి చింతపండుతో తోమిస్తే అంచు మీద చుక్కలుగా కొట్టిన మూడు అక్షరాలు బయటపడ్డాయి. మా ఇంటిపేరు కాదు. పుట్టింటివాళ్లు సారె గిన్నెల మీద తమ ఇంటిపేరు కొట్టించి పంపేవారు. అత్తింట్లో గిన్నెలు కలిసిపోకుండా చేసిన పని అది. నూట పాతికేళ్ల తర్వాత నాకు దారి చూపించింది.

ఊరు తెలిసింది, ఇంటిపేరు మొదటి అక్షరాలు తెలిశాయి. ఇక దస్తావేజులు. మన దగ్గర రిజిస్ట్రేషను 1860ల నుంచి ఉంది. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఉంటాయి. ఒకటో నంబరు ఇండెక్సులో రాసిచ్చినవాళ్ల పేర్లు, రాయించుకున్నవాళ్ల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. ఆ ఇండెక్సుల్లో ఆడపేర్లు చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. ఎందుకంటే మన వైపు ఆడపిల్లకు పెళ్లిలో ‘పసుపు కుంకుమల’ కింద భూమి ఇచ్చే ఆచారం ఉంది. అది ఆమెది. ఆమె దాన్ని తన కూతురికి ఇచ్చుకునేది.

మా తాతమ్మకు వాళ్లమ్మ రాసిచ్చిన దస్తావేజు దొరికింది. ఆ కాగితంలో తల్లి తనకు భూమి ఎలా వచ్చిందో చెప్పుకుంది. తన తల్లి, అంటే మా తాతమ్మకు అమ్మమ్మ, తనకు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిందని, ఇప్పుడు దాన్ని తన కూతురికి ఇస్తున్నానని రాయించింది. ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురి పేర్లు, ఒక్కొక్కరికీ ‘ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య, ఫలానా గ్రామ కాపురస్థురాలు’. కింద తల్లి సంతకం ఉండాల్సిన చోట ‘నిశానీ’. చదువు రాని మనిషి. అయినా తన తల్లి పేరు రాయించడం మర్చిపోలేదు. వేలాది దస్తావేజులు చూసిన నేను ఆ ఒక్కదాన్ని చదువుతూ ఏడ్చాను. మా పెదనాన్నగారి వంశవృక్షంలో మగవాళ్ల తరాలన్నీ ఉన్నాయి. ఈ ముగ్గురూ అందులో లేరు.

ఇంకో ఆధారం మేనరికం. మన కుటుంబాల్లో మేనరికాలు ఎక్కువ కాబట్టి, ఒక ఇంటి నుంచి కోడలు వస్తే ఒకటి రెండు తరాల్లో అదే ఇంటి నుంచి ఇంకో కోడలు వస్తుంది, లేదా ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి వెళ్తుంది. తాతమ్మ పుట్టిల్లు తెలియకపోతే తాతమ్మ కొడుకులు, కూతుళ్ల వియ్యాలవారి ఇంటిపేర్లు చూడండి. రెండుసార్లు కనిపించే ఇంటిపేరు ఉంటే అక్కడ అడగండి. మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టుకునే అలవాటు కూడా సాయపడుతుంది. ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంటుంది. ఎవరు ఎవరి మనవరాలో దాన్నిబట్టి ఊహిస్తే చాలాసార్లు నిజమవుతుంది.

డర్బన్ టీచరుగారి పని ఇంత సులువుగా జరగలేదు. సర్వసిద్ధి తాలూకా ఇప్పుడు లేదు. ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్లు అందులో ఉండేవి. రిజిస్టరులో ఊరి పేరును, ఆమె నోట విన్న గుమాస్తా తనకు వినపడినట్టు ఇంగ్లిషులో రాసుకున్నాడు. ‘పాలెం’తో ముగిసే ఊరని మాత్రం తెలుస్తోంది. పాత మ్యాపులు, మండలాల్లోని గ్రామాల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే రెండు ఊళ్లు మిగిలాయి. రెండింటికీ కారులో వెళ్లాం. ఒక మాట నిజాయితీగా చెప్పాలి, ఊళ్లో ఏ వీధిలో అడగాలో మాకు తెలిసింది ఆ కాగితంలోని కులం గడి వల్లే. ఇంటిపేరు గడి రిజిస్టరులో లేదు. నాటాల్‌లో అయినా మారిషస్‌లో అయినా మనవాళ్ల ఇంటిపేర్లు పోవడానికి కారణం ఇదే. ఓడ ఎక్కిన మనిషి ఒంటి పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైపోయింది.

రెండో ఊళ్లో అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ మా మాటలు చాలాసేపు వింది. ఓడ, డర్బన్, నాటాల్ అంటే ఆమెకు అర్థం కాలేదు. నేను ‘పూర్వం ఎవరైనా ఆడమనిషి రంగం వెళ్లిందా’ అని అడిగాను. మన వైపు జనానికి సముద్రం అవతల ఏ దేశమైనా రంగమే. రంగూన్‌కి అంతమంది వెళ్లేవారు. అప్పుడు ఆమె, ‘మాయమ్మ సెప్పేది. ఆ యింటోల పిల్లొకతి అత్తోరితో గొడవపడి రంగమెల్లిపోనాది. మరి రానేదు’ అని ఎదురుగా ఉన్న ఇల్లు చూపించింది. ఆ ఇంట్లో యజమానికి, రిజిస్టరులో తండ్రి పేరుగా ఉన్న పేరే. వాళ్ల తాతగారి పేరూ అదేనట.

ఇది కోర్టులో నిలిచే సాక్ష్యం కాదు. కానీ ఊరు, వీధి, పేరు, వెళ్లిపోయిన ఆడపిల్ల కథ నాలుగూ ఒకచోట కలిశాయి. నా మట్టుకు నేను నమ్ముతున్నాను. టీచరుగారు ఆ ఇంటి ఆడవాళ్ల పక్కన కూర్చుని భోంచేశారు. మేం వెళ్లేటప్పుడు వాళ్లు ఆమెకు బొట్టు పెట్టి, చీర, రవికెల గుడ్డ ఇచ్చారు. ఆడపడుచుకు పెట్టినట్టే పెట్టారు. ఆ కుటుంబాన్ని ఇంకా అడగలేదు కాబట్టి ఊరి పేరు, ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. కారు ఎక్కాక ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ‘ఆంటీ, ఈమె అమ్మ ఎవరు?’ అన్నారు. రిజిస్టరులో తండ్రికి గడి ఉంది, తల్లికి లేదు. ఆ ఇంటివాళ్లకూ తెలియదు. వాళ్లు చెప్పగలిగిన వంశం కూడా మగవాళ్లదే.

అందుకని నా మొదటి కోరిక మీ పాఠకులకు. వంశవృక్షం రాసేటప్పుడు ప్రతి ఆడమనిషికీ సొంత పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లి పేరు రాయండి. మీ ఇంటి ఆడపిల్లలు ఎక్కడికి వెళ్లారో రాయండి. ఫ్లెక్సీలో చోటు చాలకపోతే పుస్తకంలో రాయండి. పెద్దావిడ ఉంటే ‘వంశం చెప్పు’ అని అడగొద్దు, ఆమెకు తెలియదనేస్తుంది. పండక్కి ఎవరింటికి వెళ్లేవారు, పురుడు ఎక్కడ పోశారు, సారె ఎవరు మోసుకొచ్చారు, ఇలవేల్పు ఎవరు, ఏ అన్నదమ్ములు పెళ్లికి బట్టలు పెట్టారు అని అడగండి. ఫోనులో రికార్డు చేసుకోండి. పాత ఇత్తడి గిన్నెలు తూకానికి అమ్మేసేముందు అంచులు చూడండి. విడాకుల కాగితమో, భూమి తగాదా కాగితమో ఏదైనా సరే, పాతదైతే పారేయొద్దు.

రెండో కోరిక ప్రభుత్వానికి. ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఇప్పుడు ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతోంది. అంతకు ముందువాటికి చేతితో వెతకాలి. 19వ శతాబ్దపు ఇండెక్సు వాల్యూములు ముట్టుకుంటే రాలిపోయే స్థితిలో ఉన్నవి నేనే చాలా చూశాను. ముందుగా ఒకటో నంబరు ఇండెక్సులు స్కాన్ చేయించాలి. అవి పేర్ల పట్టికలే, దస్తావేజుల్లోని లావాదేవీల వివరాలు కావు, కాబట్టి వందేళ్లు దాటినవాటిని జనం చూసుకోవడానికి పెడితే ఎవరికీ నష్టం లేదు. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వలస కూలీల రిజిస్టర్లను, ఫొటోలతో సహా, ఇన్నేళ్లు జాగ్రత్తగా కాపాడి, వారసులు అడిగితే చూపిస్తున్నారు. వెళ్లినవాళ్ల రికార్డు అక్కడ భద్రంగా ఉంది. వాళ్లు ఎవరిని వదిలి వెళ్లారో తెలిపే రికార్డు మన దగ్గర ఉంది, దాన్ని మనం కాపాడాలి.

మూడోది మీ పత్రికకు, ఎలమంచిలి, నక్కపల్లి, పాయకరావుపేట, రాయవరం వైపు పాఠకులకు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో, 1880ల నాటికి ఇరవై ఏళ్లు పైబడిన, ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు ఉన్న, అత్తవారింటి నుంచి బయటికొచ్చి ‘రంగం’ వెళ్లి తిరిగిరాని ఆడపిల్ల కథ ఎవరైనా విని ఉంటే, ముఖ్యంగా ఆ పిల్ల తల్లి ఏ ఇంటి ఆడపడుచో, ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పగలిగితే, దయచేసి ఈ పత్రిక విశాఖ కార్యాలయానికి ఒక కార్డు రాయండి. వాళ్లు నాకు అందజేస్తారని ఆశిస్తున్నాను. టీచరుగారు ఉగాదికి మళ్లీ వస్తున్నారు.

ఇట్లు,
రిజిస్ట్రేషన్ శాఖ విశ్రాంత ఉద్యోగిని,
మర్రిపాలెం, విశాఖపట్నం.